షికారు పోయింది, చెక్క మిగిలింది

తుపాకి లైసెన్సు పుస్తకం తెరిస్తే అందులో ఆయుధం రకం ఉంటుంది, బోరు ఉంటుంది, తయారుచేసిన కంపెనీ పేరు ఉంటుంది, ఇనుము మీద కొట్టిన నంబరు ఉంటుంది. ఆ తుపాకికి తొడిగిన చెక్క ఏ మానుదో, ఎవరు చెక్కారో, ఎన్నిసార్లు మారిందో ఎక్కడా ఉండదు. చట్టం దృష్టిలో రైఫిలంటే ఇనుమే. మడమ విరిగి కొత్తది వేసినా అది పాత రైఫిలే, పాత నంబరే. పోలీసు స్టేషనుకూ కలెక్టరాఫీసుకూ ఈ పద్ధతి సరిపోతుంది. కాని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో తరాలపాటు సాగి అర్ధ శతాబ్దం కిందట ఆగిపోయిన షికారు జీవితం గురించి రాసేవాళ్లు కూడా ఇదే పద్ధతి పట్టుకున్నారు. ఏ రాజావారి దగ్గర ఏ కంపెనీ తుపాకి ఉండేది, ఏ దొర ఎన్ని పులులను కొట్టాడు అన్న లెక్కలే చరిత్రగా చలామణి అవుతున్నాయి. ఆ జీవితానికి ఇనుము కంటె చెక్క నమ్మదగిన సాక్షి అని నేనంటాను. ఇనుము బర్మింగ్‌హామ్ నుంచో జర్మనీ నుంచో పూర్తిగా తయారై దిగింది. ఇక్కడి ఎండావానలూ, ఇక్కడి మనిషి భుజమూ, ఇక్కడి వడ్రంగి ఉలీ గుర్తు పెట్టగలిగింది చెక్క మీదనే. వాడిన రైఫిలుకు చెక్క మార్చడం, కొత్త చెక్క కూర్చడం అనే చిన్న చేతిపనిని పక్కన పెట్టి ఆ కాలం గురించి ఎంత చెప్పుకున్నా అది సగం కథే.

ముందు ఆ తుపాకులు ఇక్కడికి ఎలా వచ్చాయో చూద్దాం. తూర్పు కనుమల అంచు వెంబడి పాచిపెంట, సాలూరు, బొబ్బిలి, మేరంగి, కురుపాం, పర్లాకిమిడి, టెక్కలి, మందస జమీందారీలు ఒకదాని పక్కన ఒకటి ఉండేవి. వాటన్నిటికంటె పెద్దది విజయనగరం. కొండల మీద జయపురం ఎస్టేటు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా అది కూడా విశాఖపట్నం జిల్లాలోదే. అడవి చేతిలో ఉన్న జమీందారుకు షికారు హోదాలో భాగం. పెద్ద అధికారి వస్తే మంచె కట్టించాలి, మన్యం ఊళ్ల జనాన్ని తప్పెట్లతో మెకాలను తోలడానికి పంపాలి. విజయనగరం రాజకుటుంబంలో పుట్టి, 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన విజయానంద గజపతిరాజు మూడు వందలకు పైగా పులులను కొట్టాడని చెబుతారు. ఆయన ఎక్కువ కాలం కాశీలో గడిపాడు కాబట్టి ఆ లెక్కంతా మన కొండలకే వేయకూడదు. అయినా ఆ కాలపు మోజు ఎంత దూరం పోయిందో తెలియడానికి ఆ అంకె చాలు. తుపాకులకు మద్రాసు మౌంట్ రోడ్డులో పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తాలో రోడ్డా, మాంటన్ కంపెనీలు ఉండేవి. స్థోమత కలిగినవాళ్లు రిగ్బీ .275, వెస్ట్‌లీ రిచర్డ్స్ .318, హాలండ్ అండ్ హాలండ్ 1912లో తెచ్చిన .375 మాగ్నమ్ తెప్పించుకున్నారు. సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి చిక్కకూడదని ప్రభుత్వం కట్టడి చేయడంతో మధ్యతరగతి షికారీకి .315 బోరు దిక్కయింది. మొదట్లో ఇంగ్లండు కంపెనీలు చేసి పంపేవి. తరవాత కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసింది. దాని తూటా పాత ఆస్ట్రియా సైన్యపు 8 మిల్లీమీటర్ల మాన్‌లిహర్ తూటా, బోల్టు పనితీరు మాత్రం .303 సైనిక రైఫిలు లీ-ఎన్‌ఫీల్డ్‌ది.

1947లో దొరలు వెళ్లిపోయారు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. ఈ రెండు మార్పులతో రైఫిళ్లు చేతులు మారాయి. జమీందారు గోడకు వేలాడినవి భూస్వామికీ, ప్లీడరుకూ, అటవీ కాంట్రాక్టరుకూ చేరాయి. చెక్క సమస్య ఇక్కడే మొదలవుతుంది. గొట్టం ఎవరి చేతిలోనైనా ఒకే తీరుగా పనిచేస్తుంది. చెక్క మనిషిని బట్టి ఉండాలి. మీట నుంచి మడమ చివరి దాకా 14 అంగుళాలు దాటిన రైఫిలు ఆరడుగుల దొరకు సరిపోతుంది. అయిదున్నర అడుగుల మనిషి దాన్ని ఆదరాబాదరాగా ఎత్తితే చంక దగ్గర చొక్కాకు తట్టుకుంటుంది. చెంప ఆనేచోటు మరీ కిందికుంటే కన్ను సైటు వరసకు రాదు. మరీ పొట్టిగా కోసేస్తే తుపాకి తన్నినప్పుడు బొటనవేలు ముక్కుకు తగులుతుంది. వాడిన రైఫిలు కొని చెక్క సరిచేసుకోకుండా వేటకు పోవడం ఇంకొకరి చెప్పులు తొడుక్కుని కొండెక్కడం లాంటిది. సైన్యానికీ ఈ సంగతి తెలుసు కాబట్టే లీ-ఎన్‌ఫీల్డ్ మడమలను బాంటమ్, షార్ట్, నార్మల్, లాంగ్ అని నాలుగు పొడవుల్లో చేసి అక్షరం కొట్టేవాళ్లు. పాత రైఫిలు చేతిలోకి తీసుకుంటే కోసి పొట్టి చేసిన మడమ, దాని చివర రబ్బరు దిండు వేసి మళ్లీ పొడుగు చేసిన అతుకు, ఎడమచేతి వాటం మనిషి కోసం చెంపవైపు తీసేసిన చెక్క కనిపిస్తాయి. యజమాని పేరు మారిన సంవత్సరం లైసెన్సు పుస్తకం చెబుతుంది. కొత్త యజమాని ఎలాంటి మనిషో, తుపాకిని అలంకారంగా దాచాడో అడవిలో తిప్పాడో చెక్క చెబుతుంది.

చెక్క మార్పించిన రెండో కారణం మన గాలి. మంచి షికారు రైఫిలుకు యూరప్ తయారీదారులు అక్రోటు చెక్కనే వాడేవాళ్లు. మన దేశంలో దానికి ఆధారం కశ్మీరు. బరువుకు తగ్గ బలం, తన్నును ఓర్చుకునే సాగుడు, ఉలికి లొంగే గుణం, ఒకసారి బాగా ఆరాక పెద్దగా కదలని స్వభావం అన్నీ ఒకే మానులో దొరకడం అరుదు. అయినా చెక్క చెక్కే. నార అడ్డంగా తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. కళింగపట్నం, భీమిలి తీరపు ఉప్పుగాలిలో ఆషాఢం నుంచి కార్తీకం దాకా నానినది చైత్రానికి పార్వతీపురం ఎండలో బిగుసుకుపోతుంది. ఉబ్బిన ముందు చెక్క గొట్టాన్ని ఒక పక్కకు నెడితే వేసవిలో గురి కుదిరిన రైఫిలు వానాకాలంలో జానెడు పక్కకు కొడుతుంది. ముడుచుకుంటే మరలు వదులవుతాయి, వదులైన మరలతో కాల్చితే బీట వారుతుంది. తుప్పు భయంతో యజమాని దండిగా పోసిన నూనె మరో శత్రువు. గొట్టం పైకి పెట్టి గోడకు నిలబెట్టిన తుపాకిలో ఆ నూనె కిందికి జారి మడమ మెడలోకి ఇంకుతుంది. ఏళ్లకేళ్లు నూనె తాగిన అక్రోటు నల్లబడి, మెత్తబడి, తన్నుకు నలిగిపోతుంది. బాగా తెలిసినవాళ్లు రైఫిలును తలకిందులుగా, గొట్టం నేలవైపు ఉంచి దాచడం ఇందుకే. ఇక చెదలు ఉండనే ఉన్నాయి. చలిదేశంలో మూడు తరాలు నిలిచే చెక్క ఇక్కడ ఒక తరం నిలిస్తే గొప్ప. కాబట్టి ఈ ప్రాంతంలో చెక్క మార్పిడి షోకు కోసం జరిగిన పని అనుకోకూడదు. అది లేకపోతే రైఫిలు అడవికి పనికిరాదు.

మార్చడమంటే పాతది విప్పి కొత్తది బిగించడమే కదా అనుకునేవాళ్లకు ఆ పనిలోని నేర్పు తెలియదు. లీ-ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిలుకు చెక్క రెండు ముక్కలు. వెనక మడమను దాని కడుపులోంచి దూర్చిన పొడవాటి బోల్టు ఇనుప గూటిలోకి లాగి పట్టుకుంటుంది. సైనిక నమూనాలో ఆ బోల్టు కొన చదరంగా ఉండి, ముందు చెక్క వెనక అంచులోని పలకలో కూర్చుంటుంది. అందువల్ల ముందు చెక్కను మొదట విప్పాలి, ఆ తరవాతే మడమ బోల్టు ముట్టుకోవాలి. ఈ వరస తెలియక బలంగా తిప్పినవాళ్ల చేతిలో ముందు చెక్కలు నిలువునా చీలిపోయాయి. తుపాకి తన్నే దెబ్బంతా ముందు చెక్కలోని రెండు చిన్న భుజాల మీద పడుతుంది. ఆ రెండూ ఇనుముకు ఒకే ఒత్తిడితో ఆనాలి. ఒకటి ఆని రెండోది ఆనకపోతే కొద్ది తూటాలకే మధ్యకు పగులుతుంది. ఇషాపూర్ ఫ్యాక్టరీ తన సైనిక రైఫిళ్ల ముందు చెక్కకు అడ్డంగా ఒక మర బిగించడం మొదలుపెట్టింది ఈ పగులును ఆపడానికే. 1898 మౌజర్ నమూనా మీద కట్టిన షికారు రైఫిళ్లది మరో దారి. వాటికి మడమ నుంచి ముందు కొస దాకా ఒకటే చెక్క. గొట్టం మొదట్లో కింద ఒక ఇనుప బుడిపె ఉంటుంది. చెక్కలో దానికోసం తవ్విన గుంట వెనక గోడకు ఆ బుడిపె నిండుగా ఆనాలి. ఆనకపోతే దెబ్బ వెనక మర మీదకు పోయి, సరిగ్గా బొటనవేలు ఉండేచోట బీట పడుతుంది. ఆనిందో లేదో చూడడానికి పనివాడికి ఉన్న కొలబద్ద మసి. దీపపు మసిని నూనెలో రంగరించి ఇనుముకు పలచగా పూసి, చెక్కలో దించి, తీసి చూస్తే తగిలినచోట నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చను మాత్రమే ఉలి అంచుతో గీకి మళ్లీ దించాలి, మళ్లీ తీయాలి. చిట్టచివరికి గుంట అంతటా మసి సమానంగా అంటేదాకా ఇదే పని. వెంట్రుకవాసి ఎక్కువ తీస్తే ఆ చెక్క పనికిరాదు. పై రూపం బాడిశతో మొదలై ఆకురాయికి, ఉప్పు కాగితానికి వస్తుంది. చివరికి అవిసె నూనె. అరచేత్తో వేడి పుట్టేలా రుద్ది, ఆరనిచ్చి, మళ్లీ రుద్దాలి. వారాలు పట్టే ఈ పనికి వార్నిషు బదులు కాదు. వార్నిషు పొర మీద గీత పడితే తేమ అక్కడినుంచే లోపలికి పోతుంది.

ఇంగ్లండు తుపాకికి ఇషాపూర్ ఫ్యాక్టరీ చెక్క తొడిగితే ఇందులో ఉత్తరాంధ్ర పాత్ర ఏముందని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఫ్యాక్టరీ చెక్క దొరికినంతవరకు అదే వేశారు, నిజం. కాని కురుపాంలోనో మందసలోనో మడమ మెడ దగ్గర విరిగితే లైసెన్సులూ పర్మిట్లూ చూసుకుని రైఫిలును కలకత్తాకో మద్రాసుకో పంపి నెలల తరబడి ఎదురుచూడడం అందరికీ కుదిరే పని కాదు. మెడ చుట్టూ బిగించిన ఇత్తడి రేకు, పచ్చితోలు చుట్టి ఆరబెట్టిన కట్టు, అక్రోటు మడమకు టేకు అతుకు, ఎముక ముక్కతో పూడ్చిన గుంట వంటి మరమ్మతులు ఏ పెద్ద కంపెనీ చేతి పనీ కాదు. అవి చేయగల చేతులు ఈ నేల మీద ఉండేవని నమ్మడానికి ఆధారాలు రెండున్నాయి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా ఒకే పనస మానులోంచి వీణ మొత్తాన్ని తొలుస్తున్నాయి. వీణ చేసినవాళ్లే తుపాకి చెక్కలు చేశారని నేననడం లేదు. మాను నార ఎటు పోతుందో, ఎంత ఆరితే కదలకుండా ఉంటుందో, పలచని గోడను చీలకుండా ఎలా తీయాలో తెలిసిన పనితనం ఇక్కడ ఉంది అంటున్నాను. రెండోది మన్యంలోని నాటు తుపాకి. దాని గొట్టం కమ్మరి పని, చెక్క వడ్రంగి పని. సవర, జాతాపు ఊళ్లలో పోడు చేనికి కావలి కాసిన ఆ మందు తుపాకుల చెక్కలు మనిషి భుజానికి సరిపడేలా ఊరి చేతులు చెక్కినవే. తమ చుట్టూ ఉన్న మానుల గుణదోషాలు ఆ చేతులకు తెలుసు. టేకు చెద పట్టదు గాని దెబ్బకు నార వెంట చీలుతుంది. ఇరుగుడు అందంగా ఉంటుంది, గట్టిది, కాని రోజంతా మోసే తుపాకికి బరువు. అక్రోటుకు సమానమైన మాను ఈ కొండల్లో లేదని ఒప్పుకుంటూనే ఉన్నదానితో నెట్టుకొచ్చారు.

ఇంతకంటె బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. షికారు గొప్పగా తలుచుకోదగ్గ జీవితమా? కాదు. దొరగారి మంచె కింద మెకాలను తోలినవాళ్లు వెట్టివాళ్లు. ఎలుగు చీల్చినా పులి కొట్టినా పోయింది వాళ్ల ప్రాణమే. తుపాకి మెకాల వైపే తిరిగి ఊరుకోలేదు కూడా. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన సంఘ మహాసభకు వెళ్తున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. శ్రీకాకుళ పోరాటం సాయుధ రూపం తీసుకోవడానికి ఆ తూటాలు ఒక కారణం. అడవి సంగతి చూస్తే, 2022లో ఒక పులి దారి తప్పి అనకాపల్లి, విజయనగరం వైపు వస్తే జిల్లాలన్నీ ఉలిక్కిపడ్డాయి. ఒకప్పుడు పులుల నిలయమైన కొండల్లో ఇప్పుడు ఒక్క పులి రావడమే వార్త. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపింది, ఆపడం న్యాయం. ఆ చట్టం ఇరవై ఏళ్లు ముందు వచ్చి ఉంటే ఇంకా బాగుండేది. అయితే ఇదంతా నా వాదనకు అడ్డం కాదు, ఆధారం. చచ్చిన పులి మీద కాలు పెట్టి ఫొటో దిగింది జమీందారు. గొట్టం మీద పేరు కొట్టుకుంది కంపెనీ. మంచె కట్టినవాడు, మెకాన్ని తోలినవాడు, విరిగిన మడమను రాత్రంతా కూర్చుని అతికినవాడు ఏ ఫొటోలోనూ లేరు. వాళ్లలో తన చేతి గుర్తును వస్తువు మీద వదిలివెళ్లింది వడ్రంగి ఒక్కడే. షికారును దొరల వైభవంగా చూసే చరిత్ర తప్పని నమ్మేవాళ్లు ఆ గుర్తును ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ఈ చేతిపని పోవడానికి వేట నిషేధం ఒక్కటే కారణం కాదు. 1959 ఆయుధాల చట్టం, 1962 నుంచి అమల్లోకి వచ్చిన నియమాలు మరమ్మతును కూడా లైసెన్సు పనిగా ఉంచాయి. ఊరి వడ్రంగికి అందులో చోటు లేదు. 1972 తరవాత రైఫిలుకు మిగిలిన పని పంట కాపలా, ఆత్మరక్షణ, హోదా. ఉద్దానం జీడితోటల్లోకి ఎలుగులు వస్తున్నా, ఒడిశా వైపు నుంచి ఏనుగులు దిగి చేలు తొక్కుతున్నా రైతు వాటిని కాల్చడానికి వీల్లేదు. 1980ల నడుమ పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయాక పాత ఇంగ్లీషు, జర్మను రైఫిళ్ల ధర పెరిగింది. ధరతో పాటు వాటిని కొత్తగా కనిపించేలా చేయాలన్న తహతహా పెరిగింది. అతుకులున్న పాత చెక్క పారేసి మెరిసే కొత్త చెక్క, లేదంటే నల్ల ప్లాస్టిక్ చెక్క తొడిగారు. 2019లో చట్టాన్ని సవరించి ఒక మనిషి దగ్గర మూడు తుపాకులకు బదులు రెండే ఉండాలన్నారు. తాతల నాటి తుపాకులున్న కుటుంబాలు మూడోదాన్ని అప్పగించాల్సి వచ్చింది. అప్పగించిన రైఫిలుకు రసీదు ఉంటుంది. రసీదులో నంబరు ఉంటుంది. చెక్క సంగతి అక్కడా ఉండదు.

ప్లాస్టిక్ చెక్క తేమకు ఉబ్బదు, చెదలు పట్టవు, గురి మారదు, మరి దాన్ని ఎందుకు కాదనాలి అంటారు. పనిముట్టుగా చూస్తే వాళ్లదే సరైన మాట. ఈ తీరపు వాతావరణంలో రోజూ వాడే రైఫిలుకు అదే మేలు. పోటీల్లో గురి చూసే క్రీడాకారులు పాత అక్రోటు పట్టుకుని వేలాడాలని ఎవరూ కోరరు. కాని విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లలో బీరువాల్లో మిగిలిన రైఫిళ్లు పనిముట్లుగా ఉండడం మానేసి యాభై ఏళ్లయింది. వాడని వస్తువుకు వాడుకలోని సౌలభ్యం కొలత కాజాలదు. అంతకంటె చిత్రమైన వాదన ఇంకొకటి వినిపిస్తుంది: అతుకులు తీసేసి కంపెనీ నుంచి వచ్చినప్పటి రూపానికి తెస్తేనే వస్తువును కాపాడినట్టని. 1912 నాటి ఇంగ్లండు దుకాణంలో ఎలా ఉండేదో అలా చూపిస్తే అది ఇంగ్లండు దుకాణపు చరిత్ర అవుతుంది. ఆ తరవాత అరవై ఏళ్లు అది సాలూరు అడవిలో తిరిగిన సంగతి ఆ అతుకుల్లోనే ఉంది. రిగ్బీ రైఫిలు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ప్రపంచంలో చాలాచోట్ల ఆధారాలున్నాయి. మన వడ్రంగి దాన్ని ఎలా బాగుచేశాడో తెలుసుకోవడానికి ఆ ఒక్క చెక్క తప్ప వేరే ఆధారం లేదు.

కోటల్లో, పాత బంగళాల్లో తుపాకులను ప్రదర్శనకు పెట్టినప్పుడు పక్కన రాసే చీటీలో బోరు, కంపెనీ, యజమాని పేరు ఉంటాయి. ఆ చీటీకి మరో రెండు వరసలు చేర్చడం కష్టమైన పని కాదు: చెక్క ఏ మానుది, అసలుదా మార్చినదా, ఎక్కడ అతికారు, పొడవు ఎంత తగ్గించారు. అడవుల శాఖలో, వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో మానులను గుర్తుపట్టగల నిపుణులున్నారు. వాళ్లను ఒక్కసారి పిలిచి చూపిస్తే చాలు. గొల్లపల్లి కళాకారులను పిలిస్తే ఉలి ఎటునుంచి ఎటు నడిచిందో వాళ్లు చెప్పగలరు. మ్యూజియం వాళ్లు ఇనుమును నూనెతో తుడిచేటప్పుడు ఆ నూనె చెక్కకు అంటకుండా చూడడం కూడా అంతే అవసరం. పాత చెక్కలు ఎక్కువగా పాడవుతున్నది వాడకం వల్ల కాదు, ఈ రకమైన శ్రద్ధ వల్లనే.

ఇంట్లో తాతల నాటి లైసెన్సు రైఫిలు ఉన్నవాళ్లకు ఒక విన్నపం. దాన్ని అమ్మదలిచినా, అప్పగించదలిచినా, చెక్క మార్పించదలిచినా ముందు పగటి వెలుతురులో అన్ని వైపులా ఫొటోలు తీయండి. మడమ చివర రేకు విప్పిస్తే లోపల పెన్సిలు గీతలు, అక్షరాలు ఉండవచ్చు, వాటినీ తీయించండి. ఆ అతుకు ఎవరు వేశారో ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటే ఆ పేరు, ఊరు రాసి పెట్టండి. ఆయుధాల చట్టం విడిభాగాలను కూడా ఆయుధం కిందే లెక్కకడుతుంది కాబట్టి విప్పడం, బిగించడం లైసెన్సున్న డీలరు చేతనే చేయించండి. తీసేసిన పాత చెక్కను మాత్రం పొయ్యిలోకి పోనివ్వవద్దు.